తొమ్మిది నిమిషాల వాక్యం, నిమిషంలో ఆమెన్

కడుపునిండా బొరుగుల ఉగ్గాని, మీద నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, మూడు రోజులు ఉపవాసమున్న భక్తుడిగా వందమంది ముందు మైకు పట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూసినారా? చూసుండరు. ఆ ఘనత నాకొక్కడికే దక్కింది. ఎట్లా దక్కిందో చెప్తాను. నవ్వండి గానీ, మా ఆవిడకు వినపడేట్టు నవ్వద్దు.

అప్పుడు నాకు కొత్తగా పెళ్లయింది. నంద్యాలలో కాపురం, గడివేములలో లెక్కల మాస్టరు ఉద్యోగం. "ప్రశ్న చదవకుండా జవాబు రాస్తార్రా ఎవరన్నా?" అని పిల్లల మీద రోజూ అరిచేవాణ్ణి. మా మామ ఆళ్లగడ్డలో రిటైరైన హెడ్మాస్టరు, చర్చి సంఘ పెద్ద. రిటైరైనాక ఆయన చేతికి సెల్లు వచ్చింది, సెల్లులోకి వాట్సాప్ వచ్చింది, వాట్సాప్‌లో 'ఉదయ ధ్యానం' అనే గ్రూపు పుట్టింది. చుట్టాలు, సంఘం వాళ్లు అందరూ అందులోనే. పొద్దున ఐదున్నరకు ఠంచనుగా మామ వాయిస్ మెసేజ్. తొమ్మిది నిమిషాలు. విన్నవాళ్లు కింద 'ఆమెన్' పెట్టాల. పెట్టనోళ్లకు సాయంత్రం ఫోను: "ఏమప్పా, పొద్దున వాక్యం అందలేదా? విశ్వాసం తగ్గతాండాదా?"

విశ్వాసం సంగతి దేవుడెరుగు, నాకు పరువు ముఖ్యం. మా పెళ్లిరోజే మా మరదల్ని చేసుకొని సంజామలలో ఉండే మా తోడల్లుడు సామ్యేలు ఐదు ముప్పై ఒకటికే ఆమెన్ కొట్టేవాడు. తొమ్మిది నిమిషాల మెసేజ్‌కు ఒక్క నిమిషంలో ఆమెన్! లెక్కల మాస్టర్ని, ఆ మాత్రం మోసం నాకు తెలీదా? మా అత్తేమో "చిన్నల్లుడు ఎంత భక్తిపరుడో" అని ఊరంతా చెప్పుకుంటాంది. దాంతో నేనూ పందెంలోకి దిగినా. అలారం మోగగానే ఒక కన్ను తెరిచి, 'ఆమెన్! దేవునికి స్తోత్రం!' అని కొట్టి, మళ్లా దుప్పట్లోకి. వినడం ఎప్పుడంటారా? వింటా కూర్చుంటే సామ్యేలును గెలిచేదెట్లండీ?

ఒకరోజు టీ తాగుతాంటే మా ఆవిడ సునంద ఫోన్ పట్టుకొని వచ్చింది.

"మా నాయన పొద్దున చెప్పింది విన్నారా?"

"విన్నా. బలే చెప్పినాడు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి."

"మా యమ్మ బాత్రూంలో జారిపడింది, మోకాలు వాచింది, ప్రార్థన చేయండి అని చెప్పినాడు. కింద మీరేం రాసినారో చూడండి."

చూసినా. 'ఆమెన్! ఈ మేలు కొరకు స్తోత్రం! ఇంకా అధికముగా దయచేయును గాక!'

"అది... నిన్నటి మెసేజ్‌కు రాసింది. సిగ్నల్ లేక ఈపొద్దు పోయింటాది."

అయినా బుద్ధి రాలేదు. రెండు రోజులు పూర్తిగా విన్నా. మూడో రోజు నిద్రొచ్చింది.

నెల తర్వాత మామ ఇంట్లో ఆదివారం ప్రార్థన కూడిక పెట్టినారు. పనులకు సాయంగా సునంద ముందే పుట్టింటికి పోయింది. శనివారం ఫోన్ చేసి, "అంతా సిద్ధమేనా? రేపు బేగా రండి" అనింది. చొక్కా ఇస్త్రీ గురించి అడుగుతాందనుకొని, "ఎప్పుడో సిద్ధం" అన్నా.

ఆదివారం బైకు మీద పోతా శిరివెళ్లలో ఆగి ఆ ఉగ్గాని, బజ్జీలు లాగించినా. ఆళ్లగడ్డ చేరేసరికి ఇంటి ముందర షామియానా, మైకు, వందమంది జనం. గోడకు బ్యానరు. దాని మీద నా పెళ్లి ఫోటో, కింద 'ప్రసంగీకులు' అని నా పేరు! అత్త ఎదురొచ్చి నా మొహం నిమిరింది. "మూడు దినాలు పస్తున్నా మొహంలో ఎంత కళ ఉండాదో చూడండమ్మా!" ఆ కళ బజ్జీల నూనెది.

సునందను పక్కకు పిలిచి, "ఏందీ ఇదంతా?" అన్నా.

"ఏందంటారేందీ? 'పెద్దల్లుడు మూడు దినాలు ఉపవాసముండి ఆదివారం ప్రసంగం చేయాల, అంశం సత్యం పలకడం, ఒప్పుకుంటే ఆమెన్ అను' అని బేస్తవారం మా నాయన గ్రూపులో అడిగినాడు. మీరు నిమిషంలో అన్నారు గదా!"

కాళ్ల కింద ఆళ్లగడ్డ కదిలినట్టయింది. పారిపోదామంటే సామ్యేలు అప్పటికే నా భుజం పట్టుకొని మైకు దగ్గరికి నడిపిస్తాండాడు, వాడి మొహం వెలిగిపోతాంది.

"సహోదరులారా..." అన్నా. అంతలో త్రేన్పు వచ్చింది. మైకులో ఉరిమినట్టు వినపడింది. ముందు వరసలో మామ ఒళ్లో బైబిలు పెట్టుకొని, నా మొహంకేసే చూస్తాండాడు. ఒక్క మాట పోనీకుండా విందామని మెడ ముందుకు చాచి కూర్చున్నాడు. ఆ మెడ చూసేసరికి నాకు కథలల్లే ఓపిక పోయింది.

"మామా, నేను ఉపవాసం లేను. శిరివెళ్లలో బజ్జీలు తిన్నా. ఆర్నెల్లుగా, రెండు రోజులు తప్ప, మీ మెసేజ్‌లు వినలేదు. వినకుండానే ఆమెన్ కొట్టినా."

సునంద కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా అత్త గొంతు వచ్చింది:

"దాందేముందిలేప్పా. నేనూ వినలే. ఇంట్లో పగలంతా వింటానే ఉండా గదా!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సామ్యేలు బూట్ల లేసులు కట్టుకోడానికి వంగినాడు. వాడు వేసుకున్నది చెప్పులు.

మామ నిదానంగా లేచి మైకు తీసుకున్నాడు. గొంతు బొంగురుగా ఉంది.

"నా గొంతు చెడి ఇరవై దినాలాయ. అప్పటి నుంచి పాత రికార్డు ఒకటే రోజూ పంపిస్తాండా. మధ్యలో బేస్తవారం ఒక్కటే కొత్తది. రోజుకు నలభై ఆమెన్లు పడతాండాయి. 'ఇది నిన్నటిదే గదయ్యా' అని ఒక్కరన్నా అంటారేమోనని చూస్తాండా."

కేకలేస్తాడనుకున్నా. చూస్తే ఆయన భుజాలు ఊగుతాండాయి. నవ్వుతాండాడు! "ఒక్కడన్నా ఒప్పుకున్నాడు. ప్రసంగం అయిపోయింది. అన్నాలు వడ్డించండి!"

నేను అక్కడే చెయ్యెత్తి ప్రమాణం చేసినా: ఇకమీదట ఎవరి మెసేజ్ అయినా, తొమ్మిది నిమిషాలు కానీ తొంభై కానీ, ఆఖరి దగ్గు దాకా విన్నాకనే ఆమెన్ అంటానని. నోటితోనే చేసినాలెండి. గ్రూపులో పెట్టి ఉంటే నలభైమందీ చదవకుండానే ఆమెన్ కొట్టేవాళ్లు.