రెండు చోట్ల కాదు

ఆఫీసులో అందరూ అతన్ని కత్తెర అంటారు. పన్నెండేళ్లుగా కంప్యూటర్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో తెరలను నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, చూస్తున్నాడు. రాసిన లైన్లకన్నా కొట్టేసినవే ఎక్కువ. ఆ కీర్తితోనే ఈ వారం, తెరకూ చిప్‌కూ లంకె అమర్చే ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాము ముక్క, మీద పడ్డాడు. నూట నలభై లైన్లు. చిప్‌కు చెప్పవలసినవి మాత్రం నాలుగే ముక్కలు: ఎన్ని తీగలు, ఎంత వేగం, ఏ రంగు వరస, కొత్త గీత మొదలైందని చెప్పే సంకేతం పైకి లేవాలా కిందికి పడాలా.

నాలుగింటినీ ఒక పట్టికలో పెట్టి ఇరవై లైన్లకు దించాడు. దారిలో, ఆ సంకేతం ముందు ఒక ఆశ్చర్యార్థకం తగిలింది. ప్రోగ్రాములో దానికి ఆశ్చర్యమేమీ ఉండదు. 'కాదు' అని అర్థం. తెర తయారుచేసినవాళ్లిచ్చిన కాగితం సంకేతం పైకి లేవాలంటోంది, పట్టికా అదే అంటోంది. మధ్యలో ఈ కాదు ఎందుకని తీసేశాడు.

బల్లమీది తెరలో బొమ్మ పక్కకు జరిగింది. ఎడమ అంచు వెళ్లి కుడివైపున చుట్టపుచూపుగా కూర్చుంది. గుర్తు తిరిగి పెడితే బొమ్మ బుద్ధిగా నిలబడింది. అలాగే ఒప్పుదలకు పంపాడు.

మార్పులకు ఒప్పుదల ఇచ్చే పెద్దమనిషిని అందరూ మేష్టారంటారు. ఆయన వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఈ కాదు ఎందుకయ్యా?"

"అది లేకపోతే బొమ్మ జరుగుతోందండీ."

"ఉంటే ఎందుకు జరగదు?"

కత్తెర తల గోక్కున్నాడు. రాలింది చుండ్రే.

"సాయంత్రంలోగా ఒక్క వాక్యంలో చెప్పు. లేకపోతే మనం తెస్తున్న కొత్త సర్క్యూట్ బోర్డులోకి పాత నూట నలభై లైన్లే వెళ్తాయి. నీ వారం గంగపాలు."

మధ్యాహ్నం దాకా కాగితాలు తిరగేసి, కళ్లు మండాక, భార్యకు ఫోన్ చేశాడు. "మీ అక్క రేపు వస్తుందా?"

"రానని కాదులే అంది."

"అంటే వస్తుందా?"

"వస్తుందని నేనన్నానా?"

"మరి రాదా?"

"రాదని ఎవరన్నారు! రానని కాదు అంటే వస్తాననేగా. ఇన్నేళ్ల కాపురంలో ఇదైనా నేర్చుకోరేం?"

ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. 'రాను' ఒకటి, 'కాదు' ఒకటి, కలిస్తే ఔను. అయితే ఇక్కడున్న కాదుకు ఎక్కడో ఒక తోడు ఉండాలి. వెతికితే, చిప్‌తో నేరుగా మాట్లాడే ఇంకో ఫైల్లో కనబడింది. రెండూ ఒకేసారి తీశాడు. బొమ్మ కదల్లేదు.

'రెండు చోట్ల కాదన్నారు కనుక ఔను అయింది. రెండూ తీశాను' అని రాసి పంపాడు. మేష్టారు ఒప్పుకున్నాడు. కుతూహలం ఆగక కత్తెర, ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చూపే పాత చరిత్ర తెరిచాడు. మొదటి కాదు ఎప్పుడో మానేసి వెళ్లినవాడిది. రెండోది ఏడేళ్ల కిందటిది, తనదే. కింద తన రాతే: 'ఎందుకో తెలియదు, ఇలా అయితే పనిచేస్తోంది.'

"మేష్టారూ, దీన్ని అప్పుడెవరు ఒప్పుకున్నారండీ?"

"అదొక్కటీ చూడకు," అన్నాడాయన, మెల్లగా తన గదిలోకి నడుస్తూ.

కత్తెర సంచీ సర్దుకున్నాడు. ఆవిడ మాటల్లోనూ ఇంకో కాదు ఎక్కడైనా దాగుందేమోనని, వదిన కోసం రేపు పక్క వెయ్యాలా వద్దా అన్నది మాత్రం ఇంటి గుమ్మం దాకా తేలలేదు.