కొరికే పిల్ల తల్లి

మా పాప కింది ఫ్లాట్ బాబు చెంప కొరికిన రోజు వాళ్ళమ్మ మా తలుపు కొట్టలేదు, బాదింది. తీసేసరికి పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. వాడి బుగ్గ మీద పళ్ళ గుర్తులు గుండ్రంగా కమిలిపోయి ఉన్నాయి.

"మీ అమ్మాయి మనిషా, జంతువా అండీ? చూడండి, మొహం ఎలా చేసిందో!"

నా చేతుల్లో చంటివాడు ఏడుస్తున్నాడు. పాప నా వెనక నైటీ పట్టుకుని నిలబడింది. క్షమించమని అడగాలని నాకు తెలుసు. కానీ జంతువు అన్న మాట చెవిన పడ్డాక క్షమాపణ నోట్లోంచి రాలేదు.

"మీ బాబు ఏం జేసిండో గూడ అడుగుండ్రి. ఊకెనే కొరుకుతదా?" అన్నాను.

"పెంచడం చేతకాకపోతే ఇంట్లో కట్టేసుకోండి" అంది ఆమె. అప్పటికే మెట్ల మీద రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో, కిరాయి ఇంట్లో. మా ఆయనకు ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర బ్యాటరీల దుకాణం. పాపకు మూడేళ్ళు దాటాక తమ్ముడు పుట్టాడు. ఈ కొరకడం అప్పుడే మొదలైంది. ముందు నన్ను కొరికింది, తర్వాత ప్లేస్కూల్లో పిల్లల్ని, తర్వాత సెల్లార్‌లో ఆడుకునేవాళ్ళని. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు, పిల్లల్ని అదుపులో పెట్టుకోలేనివారు వాళ్ళను కిందికి పంపవద్దని మనవి అని. పేరు రాయలేదు. దాని కింద బొటనవేళ్ళ బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ వేళ్ళు ఎవరెవరివో చూసి గుర్తుపెట్టుకున్నాను. వాళ్ళెవరైనా లిఫ్ట్‌లో ఎదురైతే మెట్లెక్కి వెళ్ళేదాన్ని, చంటివాణ్ణి ఎత్తుకుని మరీ.

కాన్పు సాయానికి నల్గొండ దగ్గర ఊరి నుంచి మా అత్తమ్మ వచ్చింది. "వాత వెట్టు. మల్ల జన్మల కొరకది" అని రోజూ అనేది. నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం స్నానం చేసి బయటికొచ్చేసరికి పొయ్యి వెలుగుతోంది. మంట మీద స్టీలు గరిటె ఉంది. అత్తమ్మ ఒక చేత్తో పాప మణికట్టు పట్టుకుంది. పాప ఏడవడం లేదు. ఎర్రబడుతున్న ఆ గరిటెను ఏదో ఆటలాగా చూస్తోంది.

గరిటె లాగి సింక్‌లో పడేశాను. నీళ్ళలో అది సుయ్యిమంది. నా వేళ్ళు కాలిన సంగతి తర్వాత గానీ తెలియలేదు.

"నా బిడ్డను ముడితే మంచిగుండదు, అత్తమ్మా."

"మా అమ్మ నాకు వెట్టలేదా? నేనేమన్న సచ్చిన్నా?" అని ఆమె చీర పైకి లాగి పిక్క చూపించింది. నల్లగా, పొడుగ్గా మచ్చ. జాలి పడాల్సింది. పడలేదు. ఆ మచ్చ చూసి కోపం ఇంకా పెరిగింది.

"నీకు వెట్టిన్రని నా బిడ్డకు వెడ్తవా?"

సాయంత్రం మా ఆయన ఇద్దరి మాటలూ విన్నాడు. "ఇంటికొస్తే పంచాయితే. జర ఊపిరి తీసుకోనియ్యుండ్రి" అని చాయ్ కూడా తాగకుండా మళ్ళీ దుకాణానికి పోయాడు. ఆ రోజు నుంచి ఆయన మీద కూడా కోపమే.

బాబు వెళ్ళేదీ పాప ప్లేస్కూల్‌కే. అక్కడి మేడమ్ మమ్మల్నీ కింది ఫ్లాట్ వాళ్ళనీ పిలిపించింది. శనివారాలు ఒక కౌన్సెలర్ వస్తుందని, తల్లులిద్దరూ ఆమె దగ్గర కూర్చోవాలని, లేకపోతే ఇద్దరు పిల్లల్నీ తీసేస్తానని చెప్పింది. అలా నేనూ ఆవిడా పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఎదురెదురుగా కూర్చున్నాం. కౌన్సెలర్ చిన్నమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో.

"మీకు పిల్లలున్నరా మేడమ్?" అన్నాను రాగానే.

"లేరమ్మా."

"మరి మాకేం జెప్తరు?"

"ముందు చెప్పను, అడుగుతాను. పాప కొరికే ముందు ఏం జరుగుతుంది?"

నేను నోరు తెరిచేలోపే కింది ఫ్లాట్ ఆవిడ అందుకుంది. "ఈవిడ చూస్తేగా అండీ తెలియడానికి. ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటుంది."

"మీ బాబు ఇంట్లకెళ్ళి ఎందుకు బయటికొస్తలేడు? ముందు గది జెప్పుండ్రి" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. పాప కొరికిన రోజు నుంచి బాబు పక్క తడుపుతున్నాడని, గుమ్మం దాటనంటున్నాడని చెప్పింది. పాప గురించి వాడికి ఏం చెబుతున్నారని కౌన్సెలర్ అడిగింది.

"ఏముందండీ, అన్నం తినకపోతే పైనున్న రాక్షసి వచ్చి కొరుకుతుందంటాను. అందరూ అనేదే."

నేను లేచి నిలబడ్డాను. "నా బిడ్డను బూచి జేసినవా?" అరిచానని పక్క గదిలో పిల్లలు ఏడుపు మొదలుపెట్టాక తెలిసింది.

"ఇద్దరూ కూర్చోండి" అంది కౌన్సెలర్. గొంతు పెంచలేదు. ఆవిడతో, వాడి భయం సగం మీరు పెడుతున్నదే, ఈ రోజుతో ఆ మాట ఆపేయండి అని చెప్పింది. నా వైపు తిరిగి, "పాపకు కోపం వస్తే చెప్పడానికి మాటల్లేవు, పళ్ళున్నాయి. మాటలు మీరివ్వాలి. రోజులో పాపతో మాత్రమే ఉండేది ఎప్పుడు?" అంది.

చంటివాడు లేకుండానా? అలాంటి సమయమే లేదు.

"మీరు ఎప్పుడు పడుకుంటారు? మీకు అన్నం ఎవరు పెడతారు?"

"గవన్నీ మీకెందుకు?" అన్నాను. ఆ వెంటనే ఏడుపొచ్చేసింది. శత్రువు ముందు ఏడ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. కింది ఫ్లాట్ ఆవిడ ఫోన్ చూసుకుంటున్నట్టు నటించింది. అది కూడా నాకు నచ్చలేదు.

మరుసటి శనివారం కౌన్సెలర్ మా ఆయననూ అత్తమ్మనూ రమ్మంది. పొద్దుగూకే ముందు ఒక గంట చంటివాణ్ణి తండ్రి చూడాలి, ఆ గంట తల్లి పాపకే అని చెప్పింది. నేను చెప్పిన వాత సంగతి కూడా ఎత్తింది. "వాత పెడితే పాప కొరకడం మానదమ్మా. మిమ్మల్ని చూస్తే దాక్కోవడం నేర్చుకుంటుంది." అత్తమ్మ తెల్లారి సంచి సర్దుకుని ఊరికి బస్సెక్కింది. తల్లిని పంపించానని మా ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కానీ సాయంత్రాలు వచ్చేవాడు. మూతి ముడుచుకునే వచ్చేవాడు, మూతి ముడుచుకునే పిల్లాణ్ణి ఎత్తుకునేవాడు.

నేను పాపను సరూర్‌నగర్ చెరువు వైపు తీసుకెళ్ళేదాన్ని. మొదట్లో అది నాతో ఆడేది కాదు, గిచ్చేది, రక్కేది. కౌన్సెలర్ చెప్పినట్టు నేల మీద కూర్చుని దాని కళ్ళలోకి చూస్తూ, "కోపమొచ్చిందా? కోపమని చెప్పు. కొరకొద్దు, నొప్పైతది" అనేదాన్ని. ఎన్నిసార్లన్నానో! వాకింగ్‌కు వచ్చినవాళ్ళు వింతగా చూసేవారు. ఇదంతా చదువుకున్నోళ్ళ నాటకమని నాకూ అనిపించేది.

ఒకరోజు తమ్ముడు దాని జుట్టు గుప్పిట పట్టి లాగాడు. పాప నోరు తెరిచింది, పళ్ళు కనిపించాయి. నేను పరిగెత్తేలోపు, "కోపమొస్తుందీ!" అని బిల్డింగంతా వినపడేలా అరిచింది. కొరకలేదు. చంటివాడు జడుసుకుని ఏడ్చాడు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను.

కొరకడం ఒక్కసారిగా పోలేదు. జ్వరమొస్తే మళ్ళీ వచ్చేది. మెల్లగా తగ్గి, ఆగిపోయింది. కింది బాబు కూడా తల్లి కొంగు పట్టుకుని సెల్లార్‌లోకి రావడం మొదలుపెట్టాడు. పాప వాడి దగ్గరికి వెళ్తే, "కొరకవు కదా?" అని అడిగాడు.

"కోపం రాలే" అంది పాప. వాడికి ఆ జవాబు సరిపోయింది. ఇద్దరూ ఒకే సైకిల్ కోసం కొట్టుకున్నారు, చేతులతోనే. తల్లులం చెరో స్తంభం దగ్గర మాట్లాడుకోకుండా నిలబడ్డాం.

కొన్నాళ్ళకు ప్లేస్కూల్ మేడమ్ కౌన్సెలర్‌ను మాన్పించింది. సమస్య తీరింది కదా, ఇంకెందుకంది. ఈసారి గొడవకు నేనే ముందు వెళ్ళాను. "మా సమస్య తీరింది. రేపొచ్చే తల్లి ఎవరికి జెప్పుకోవాలె?" అని ఆఫీసు గదిలో అరుస్తుంటే వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. "ఆవిడ అడిగిందానికి సమాధానం చెప్పండి మేడమ్. లేకపోతే మా పిల్లాణ్ణి మాన్పించేస్తాం." కింది ఫ్లాట్ ఆవిడ నా పక్కకు వచ్చి నిలబడింది.

కౌన్సెలర్ మళ్ళీ వస్తోంది, వారం విడిచి వారం. కింది ఫ్లాట్ ఆవిడకు నేను థాంక్స్ చెప్పలేదు. ఆవిడ కూడా పాపను అన్న మాటకు సారీ చెప్పలేదు. ఆ గొడవ రోజు మేము ఇంటికి ఒకే సందులో నడుచుకుంటూ వచ్చాం, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంగా.