పిట్ట ముట్టిన మాట

మా అత్త పోయిన మూడో రోజున, ఎల్లారెడ్డిలో, పిట్టకు పెట్టారు. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకి దిగి ముట్టాలి. ముట్టలేదంటే పోయిన మనిషికి ఇంకా ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం. కాకులు వచ్చాయి, గోడ మీద కూర్చుని మా మొహాలు చూశాయి, ఒక్కటీ దిగలేదు. "అందరం మంచిగ కలిసుంటమే అమ్మా" అన్నాడు మా ఆయన. దిగలేదు. "మాసికాలు తప్పకుంట చేస్తం" అంది ఆయన అక్క, మా వదిన. దిగలేదు. ఎండ ఎక్కింది. నాకు ఆకలి, ఆకలితో పాటు కోపం. బతికున్నన్నాళ్లూ ఎవరికీ లొంగని మనిషి ఇప్పుడు మాత్రం లొంగుతుందా అనుకుని విసురుగా అనేశాను.

"నీ తమలపాకు తీగెను నేను సాదుత తియ్యి!"

కాకి దిగింది.

అంతమందీ నావైపు తిరిగారు. వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. "అమ్మకు నీ మీదనే నమ్మకం పిల్లా" అంది. ఆ నమ్మకాన్ని ఏ మూలన దాచుకుందో గానీ, నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె బియ్యం డబ్బా మూత కూడా నా చేత తీయించింది లేదు. అయినా అందరి ముందూ అన్న మాట. పిట్ట ముట్టిన మాట. ఇక కాదనడానికి వీల్లేదు.

కామారెడ్డిలో మేముండే ఇంట్లో, ముందుగది కిటికీ గట్టు మీద ఉంటుంది ఆ తీగె. ఎల్లారెడ్డి నుంచి ముక్క తెచ్చి కుండీలో నాటుకుంది మా అత్త. అది కిటికీ ఊచలన్నిటినీ పెనవేసుకుని, ఒక కొమ్మను అద్దాల రెక్కల సందులోంచి బయటికి తోసింది. ఆ కొమ్మను కోస్తే తప్ప కిటికీ పూర్తిగా మూతపడదు. కోయనిచ్చేది కాదు. పొద్దస్తమానం అక్కడే కూర్చుని, ఆకు తుంచి, సున్నం రాసి, వేలికి మిగిలిన సున్నాన్ని కిటికీ చెక్కకు పూసేది. పోవడం కూడా ఆ కిటికీ దగ్గరే పోయింది, తెల్లవారుజామున, కుర్చీలో. అప్పుడు మా ఆయన రైస్ మిల్లులో రాత్రి డ్యూటీలో ఉన్నాడు.

ఆమె బట్టలన్నీ మూటగట్టి ఇచ్చేశారు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోరు. కానీ ఆమె ముదురు గోధుమరంగు శాలువా మిగిలిపోయింది. చలికి ఆగదని తీగె మీద కప్పి ఉంచింది కదా, అది మనిషి బట్ట అని ఎవరికీ తోచలేదు. ఎల్లారెడ్డి నుంచి తిరిగొచ్చి తలుపు తీసేసరికి, మసక చీకట్లో కిటికీ దగ్గర ఎవరో వంగి కూర్చున్నారు. ఉలిక్కిపడ్డాను. లైటు వేస్తే శాలువా. నన్ను నేనే తిట్టుకున్నాను. మర్నాడు సాయంత్రమూ ఉలిక్కిపడ్డాను. తెలిసి కూడా ఉలిక్కిపడ్డాను.

సున్నం మరకలు ఇంకో బాధ. తడిబట్టతో తుడిస్తే పోయేవి. చెక్క ఆరగానే మళ్లీ తెల్లగా, ఆమె వేలిగుర్తులతో సహా పైకి తేలేవి. సున్నం గుణం అంతేనని నాకు తెలుసు. తెలిసీ వాటికి వీపు చూపించి కూర్చోలేకపోయేదాన్ని.

ఆ ఏడు చలి గట్టిగా దిగింది. తమలపాకుకు చలి పడదు. మొదట ఆకుల అంచులు నల్లబడ్డాయి, తర్వాత ఒక్కో ఆకు మెత్తబడి రాలడం మొదలైంది. సందులో పాత బట్టలు కుక్కాను. ఊచలకూ రెక్కలకూ మధ్య, కుండీ ఎత్తు వరకు, అట్టముక్క నిలబెట్టాను. సాయంత్రం నీళ్లు పోయడం మానేసి, మధ్యాహ్నం గోరువెచ్చగా చేసి పోశాను. నా పిల్లలకు కూడా అంత సేవ చేసి ఉండను. అయినా రాలుతూనే ఉంది. పొద్దున్నే గట్టు మీద పడిన ఆకు చూస్తే, ఆమె నాతో ఇంకా ఏదో అనాలని, అనలేక పడేసినట్టుండేది. నాకు భయం పట్టుకుంది. చెట్టు పోతుందని కాదు. చెట్టు పోతే, మాట తప్పావేమని ఆమె తిరిగొస్తుందని.

మాసికానికి ఎల్లారెడ్డి పోతే వదిన మొదట అడిగిందదే. "తీగె మంచిగున్నదా పిల్లా?"

"మంచిగున్నది" అన్నాను. మా అత్తకు పెట్టిన విస్తరి ముందు కూర్చుని అబద్ధమాడాను. ముద్ద దిగలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులోంచి రోడ్డు పక్కన కోళ్లఫారం కనిపించింది. కోడిపిల్లల మీద పసుపు బల్బులు వేలాడుతున్నాయి, వెచ్చదనం కోసం. దిగీ దిగగానే ఒక పాత రకం బల్బు, హోల్డరు, వైరు కొనుక్కుని ఇంటికి పోయాను. చలి బాగా కరిచేది తెల్లవారుజామునే కాబట్టి అప్పుడు లేచి, కుండీ దగ్గర బల్బు వెలిగించేదాన్ని. బల్బు వేడికి శాలువా అంటుకుంటుందేమోనని దాన్ని తీసేసి, ఎక్కడ పెట్టాలో తోచక, నా చలికి నేనే కప్పుకునేదాన్ని. అందులోంచి ఆమె నమిలే జర్దా వాసన వచ్చేది. ఆమె కుర్చీలోనే కూర్చునేదాన్ని. ఆ కిటికీ దగ్గర పట్టే కుర్చీ అదొక్కటే.

అలా కూర్చున్న రోజుల్లో ఒకనాడు మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, వీధిలో బండి ఆపాడు. కిటికీ వైపు చూసి, అలవాటైన గొంతుతో అన్నాడు.

"అమ్మా, గింత చలిల ఎందుకు కూసున్నవే?"

నేను తిరిగి చూశాను. "నేను" అన్నాను. ఆయన మొహం చూడలేకపోయాను. లోపలికి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగకుండానే పడుకున్నాడు. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

సంక్రాంతి దాటాక చలి విరిగింది. మోడుగా మిగిలిన తీగె గణుపు దగ్గర ఆకుపచ్చ మొలక వేసింది. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. వదినకు ఫోన్ చేసి, ఈసారి నిజమే చెప్పాను. బల్బు విప్పేసి, సందులోని బట్టలు, అట్టముక్క తీసేశాను. శాలువా ఉతికి, ఆరేసి, మడతపెట్టి పెట్టెలో పెట్టాను. పీడ విరగడైందనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీకి బయలుదేరి గడప దగ్గరే ఆగిపోయాడు. చెప్పులు వేసుకున్నాడు, తీశాడు, మళ్లీ వేసుకున్నాడు.

"శాలువ పెట్టెల పెట్టినవా?"

"పెట్టిన. చలి పోయింది గదా. చెట్టుకు ఇంకేం గాదు."

"చెట్టుకు గాదు" అన్నాడు. బండెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లారకముందే, ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళకు లేచాను. పెట్టె తీశాను. బల్బు మళ్లీ తగిలించి, శాలువా తలమీదుగా కప్పుకుని, మొహం కనబడకుండా పక్కకు తిరిగి కూర్చున్నాను. నా మీద నాకే చిరాకు, భయం కూడా. బండి వచ్చి వీధిలో ఆగింది. ఎంతసేపైనా గేటు చప్పుడు కాలేదు. తర్వాత కిటికీ సందులోంచి చాలా మెల్లగా ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, నువ్వు పోయినప్పుడు నేను లేకపోతి గదనే."

ఆమె గొంతుతో ఒక్క మాట అనగలిగితే బాగుండేది. నాకు ఆ గొంతు రాదు. శాలువా కింద తల ఊపాను.