వీరభద్రంగారి ఖర్చుపన్ను

వీరభద్రంగారికి ఉన్నది ఒకటే పిచ్చి. ఆదాయపు పన్ను ఎత్తేసి, దేశమంతా ఖర్చు మీదే పన్ను వెయ్యాలి. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూసేవారు. పగలంతా నాలుగొందల మంది జీతాల్లోంచి ఆదాయపు పన్ను కోసేదీ ఆయనే, సాయంత్రం తూంకుంట కాలనీలో ఇంటికి వచ్చి దాన్ని రద్దు చేసేదీ ఆయనే.

భార్య కామేశ్వరికి పెళ్ళయిన మూడోనాడే ఈ సంగతి తెలిసింది. "సంపాదించేవాడికి శిక్షేవిటి? ఖర్చుపెట్టేవాణ్ణి కదా పట్టుకోవాలి" అన్నారాయన. కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడి తలూపింది. ఆ ఊపిన పాపానికి ఇరవై రెండేళ్ళు విన్నది.

ఒకసారి పంటినొప్పితో వెళ్తే డాక్టరు, "ఏ పన్ను తీసెయ్యాలండీ?" అని అడిగాడు. "ఆదాయపు పన్ను" అని మొదలుపెట్టారు. నోట్లో దూది కుక్కేదాకా ఆపలేదు. పక్కింటి పెద్దాయన పోతే, "ఆయనకిక ఆదాయమూ లేదు, ఖర్చూ లేదు. ఏ విధానంలో చూసినా పన్ను పడదు" అని ఓదార్చి వచ్చారు. కామేశ్వరి నెల్లాళ్ళు ఆ ఇంటివైపు తలెత్తి చూడలేదు.

2005 ఏప్రిల్లో కొన్న సరుకు మీద వేసే వ్యాట్ పన్ను వచ్చింది. పేపరు పట్టుకుని సంబరంగా ఇల్లంతా తిరిగిన మనిషి, లోపలి పేజీ చదివి కుర్చీలో కూలబడ్డారు.

"ఏమైందండీ?"

"అమ్మకం పన్ను బదులు తెచ్చారే దీన్ని. ఆదాయపు పన్ను అలాగే ఉంది."

గ్లాసుడు నీళ్ళు తాగాక తేరుకున్నారు. "దేశం సంగతి తర్వాత. మనింట్లో అమలు చేస్తాను."

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు రూపాయి ఖర్చుపెట్టినా పది పైసలు ఆయన చేతిలో పెట్టాలి. కామేశ్వరికి ఒళ్ళుమండి కూరలు కొనడం మానేసింది. రోజూ చారే. "చూశావా, పొదుపు ఎలా పెరిగిందో" అని ఆయన లొట్టలేశారు.

వంటింట్లో గిన్నెలు తోముతున్న పనిమనిషి వజ్రమ్మ ఒకనాడు చేతులు కడుక్కుని వచ్చింది.

"సారూ, మీకు నెలకు ఎంత మిగుల్తది?"

"జీతంలో మూడో వంతు బ్యాంకులో వేస్తాను."

"గా మూడో వంతు మీద పన్ను లేదన్నట్టు. నాకు పైస మిగలది. వచ్చిందంత బియ్యానికి, నూనెకే పాయె. అంటే నాకు మొత్తం మీద పడ్తది. గిదేం లెక్క సారూ?"

వీరభద్రంగారు కాగితం తీసి ఆ లెక్క రెండుసార్లు వేశారు. రెండుసార్లూ వజ్రమ్మ మాటే నిజమైంది. కామేశ్వరి భయపడి నుదురు తాకి చూసింది. మూడు రోజులపాటు ఆయన పన్ను అన్న మాటే ఎత్తలేదు.

నాలుగు నెలలు గడిచాయి. "రవీందర్ కొట్ల బియ్యం మస్తు అగ్గువైనయమ్మా" అంది వజ్రమ్మ. కామేశ్వరి సంచి పట్టుకుని పరుగెత్తింది. రవీందర్ పాత ధరే చెప్పాడు.

"వజ్రమ్మకి తగ్గించావుగా?"

"గా రేటు మీకు రాదమ్మా. ఇండ్లల్ల పనిజేసేటోళ్ళకే. ఆళ్ళు ఏం కొన్నా రూపాయికి పది పైసలు తగ్గిస్తున్న. నెలాఖరుకు మీ సారే వచ్చి గా తగ్గింపు కడ్తడు. గట్ల పదకొండు కుటుంబాలున్నయి. ఎవ్వలకూ జెప్పొద్దన్నడు."

కామేశ్వరి ఖాళీ సంచితో ఇంటికొచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"దానం చేస్తున్నానని నాకు చెప్పొచ్చుగా."

"దానం కాదు" అన్నారాయన, దొరికిపోయిన దొంగలా. "వాపసు. లేనివాళ్ళ పన్ను వాళ్ళకి తిరిగిచ్చేస్తే గానీ నా విధానంలో లొసుగు పోదు."

"మనింటి వసూళ్ళు సరిపోతున్నాయా?"

"నువ్వు చారు మొదలెట్టాక పడిపోయాయి. నేనే క్యాంటీన్ భోజనం మానేసి ఆ డబ్బు కలుపుతున్నాను."

కామేశ్వరి కాసేపు ఆయన మెడ ఎముకల వంక చూసింది. తర్వాత కొంగు దోపుకుని లేచింది.

"పదండి. గ్రైండరు కొనాలి."

"గ్రైండరా? ఎంతవుతుందే?"

"నాలుగు వేలు. మీకు నాలుగొందలు వసూలు."

ఆయన ఆమె వంక చూస్తూనే ఒక కాలి చెప్పు రెండో కాలికి తొడిగేసుకున్నారు.