వైఫైకి తాళం వేసిన రోజు

మా నాన్నకి తాళం అంటే చిరాకు. డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇంటి గేటుకి గడియే తప్ప తాళం ఎప్పుడూ లేదు. కుళాయిలో రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే ఊరు మాది. మా ట్యాంకు నిండితే పక్కింటివాళ్ళు బకెట్లు పట్టుకుని వస్తారు, వాళ్ళది నిండితే మేం వెళ్తాం. సముద్రం అడుగున కేబుల్ వేసి మా దీవులకి సరైన నెట్ ఇచ్చినప్పుడు నాన్న దాన్ని కూడా నీళ్ళ లెక్కలోనే వేశాడు. రూటరు పెట్టడానికి వచ్చినవాడి చేత వైఫైకి పాస్‌వర్డు తీసేయించాడు.

"పానీ ఇస్తాం, నెట్ ఇవ్వమా ఏటి?" అన్నాడు.

నాన్న చిన్న కాంట్రాక్టరు. టెండర్లు ఆన్‌లైన్లో వెయ్యాలి కాబట్టి ముందుగదిలో ఒక కంప్యూటరు ఉండేది. దాన్ని వైరుతో రూటరుకి కలిపారు. ఆ టెండర్ల పని నాది. నా ల్యాప్‌టాపు, ఇంట్లో ఫోన్లు, వీధిలో సగం ఫోన్లు వైఫై మీద నడిచేవి. టెండరు వెయ్యడానికి ఆఖరి రోజున నెట్ నత్తనడక నడుస్తుంటే, వీధిలో ఎవరెవరు సినిమాలు చూస్తున్నారో పేరుపేరునా తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. మా ఇంట్లో నోరు నాదే పెద్దది.

ఆ కంప్యూటర్లోనే మా అక్క పాట ఉండేది.

అక్క కార్ నికోబార్‌లో టీచరు. సునామీ వచ్చిన ఏడు క్రిస్మస్‌కి ఇంటికి రావలసింది, ఓడ టికెట్టు దొరక్క ఆగిపోయింది. పండగ మర్నాడు పొద్దున్నే భూమి ఊగింది, ఆ వెనకే సముద్రం లేచింది. ఆమె ఉన్న క్వార్టర్సు చోట ఇసక తప్ప ఏమీ మిగల్లేదు. నాన్న క్యాంపులన్నీ తిరిగాడు, ఆస్పత్రులన్నీ తిరిగాడు. అక్క దొరకలేదు. పాతిపెట్టడానికి ఏమీ లేక, మా తెలుగు చర్చిలో ప్రార్థన చేయించి ఊరుకున్నాం. ఊరుకున్నాం అని రాశాను గానీ, ఎవరు ఊరుకున్నారు?

అంతకుముందు ఏడు క్రిస్మస్‌కి అక్క చర్చిలో ఒక్కతే నిలబడి ఒక కీర్తన పాడింది. నాన్న టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేశాడు. అక్క గొంతు మాకు మిగిలింది అదొక్కటే. ఇక్కడి చెమ్మకి క్యాసెట్టుకి బూజు పట్టడం మొదలైతే, గోల్ ఘర్ బజారులో ఒక షాపువాణ్ణి పట్టుకుని పాటని కంప్యూటర్లోకి ఎక్కించాడు. తర్వాత కొన్నాళ్ళకి క్యాసెట్టు తెగిపోయింది.

వైఫై వచ్చాక ఆ పాట ఉన్న ఫోల్డర్ని నాన్న అందరికీ తెరిచి పెట్టించాడు. ఇంటికెవరొచ్చినా వాళ్ళ ఫోన్లో అది తెరిచి వినిపించడం మా ఇంటి మర్యాద అయిపోయింది. డిగ్లీపూర్ నుంచి మా పిన్ని రోజంతా బస్సులో నడుం విరగ్గొట్టుకుని వచ్చేది. మంచినీళ్ళు తాగగానే, "ఏదీ, పిల్ల పాట పెట్టండి" అనేది. నాన్న ఆమె ఫోన్ అందుకుని, "నీ ఫోన్లోనే వస్తాది చూడు" అని చూపించేవాడు. ఆ కాసేపూ ఆయన ముఖం చూడ్డానికి బాగుండేది.

కంప్యూటర్ల పని చేసే నా స్నేహితురాలు ఒకసారి మా ఇంటికొచ్చి, ఇదంతా చూసి నెత్తి కొట్టుకుంది. వైఫైకి పాస్‌వర్డు లేదు. రూటరు లోపలి సెట్టింగులకి ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన పాస్‌వర్డే ఉంది. వైఫై అందుకున్న ప్రతివాడూ వైరున్న కంప్యూటరు దాకా వెళ్ళగలడు. పైగా ఆ ఫోల్డర్లోవి వినడానికే కాదు, మార్చడానికీ చెరపడానికీ కూడా అందరికీ అనుమతి ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నతో గొడవ పెట్టుకున్నాను. "పోనీ, వినడానికి మాత్రం వదిలేసి మిగతాది మూసేద్దాం నాన్నా" అన్నాను.

"దాని గొంతుకి తాళం వేస్తావేటే?" అన్నాడు. "దో జగా కాపీ పెట్టాను. ఇంకేటి భయం?"

ఆ రెండు చోట్లూ ఒకే కంప్యూటర్లో ఉన్నాయి, రెండూ అందరికీ తెరిచే ఉన్నాయి. చెప్తే వింటేగా! తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషి. అమ్మ ఇద్దరికీ మజ్జిగ పోసి లేచిపోయింది.

పక్కింటి ఆవిడ అక్కతో కలిసి చర్చిలో పాడిన మనిషి. నేను దీదీ అని పిలుస్తాను. పిల్లల క్లాసుల కోసం ఒక పాత ల్యాప్‌టాపు తెచ్చుకుని, అందులో ఎక్కడో ఉచితంగా దొరికిన ప్రోగ్రామేదో వేసింది. దాంతోపాటు వైరస్ వచ్చింది. అది మా వైఫై మీదుగా నడిచి మా ఫోల్డర్లోకి చేరింది. ఒక మధ్యాహ్నం నాన్న ముందుగదిలోంచి పిలిచాడు. వెళ్ళి చూస్తే ఫైళ్ళన్నీ తెల్లకాగితాల బొమ్మలైపోయి, పేర్ల చివర అర్థంకాని అక్షరాలు తగిలించుకుని ఉన్నాయి. టెండరు కాగితాలు పోయాయి. పాట పోయింది, రెండో చోట పెట్టిందీ పోయింది.

"ఒకసారి బంద్ చేసి చాలూ చెయ్" అన్నాడు నాన్న. చేశాను. "ఇంకోసారి చెయ్" అన్నాడు. సాయంత్రం దాకా అదే పని. స్నేహితురాలు వచ్చి చాలాసేపు తంటాలు పడి, ఇక తిరిగి రావని చెప్పింది. చెప్పి నాన్న వైపు చూడలేక చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

దీదీ ల్యాప్‌టాపు ముందే అలా అయిందని విని, వైరస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక నేను రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వెళ్ళాను. దీదీ బట్టలు ఆరేస్తోంది. "మా అక్కని రెండోసారి చంపేశావు దీదీ" అన్నాను. ఆమె తడిబట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అమ్మ తర్వాత అంది. అప్పుడు నాకు అనాలనే ఉంది.

మర్నాడు కూర్చుని అన్నీ చేశాను. కంప్యూటరంతా తుడిచేసి మళ్ళీ మొదట్నించీ ఎక్కించాను. రూటరు లోపలి పాస్‌వర్డు మార్చాను. వైఫైకి పొడుగాటి పాస్‌వర్డు పెట్టాను. బయటివాళ్ళ కోసం వేరే వైఫై తీశాను, దాని మీదకొచ్చినవాళ్ళకి నెట్ దొరుకుతుంది గానీ మా కంప్యూటరు కనపడదు. ఫోల్డరు పంచుకోవడం ఆపేశాను. ఇకమీద దాచుకోవలసినవాటి కోసం విడిగా ఒక డిస్కు కొని బీరువాలో పెట్టాను. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టే ఉంది నా పని, నాకు తెలుసు. ఊరికే కూర్చుంటే ఏడుపొస్తోంది, అందుకే చేశాను.

నాన్న కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. "ఇప్పుడింక ఎవరూ లోపలికి రాలేరా?" అన్నాడు.

"రాలేరు నాన్నా."

"మంచిది. లోపల ఏటుంది మరి?"

నేను కంప్యూటరు కట్టేశాను. ఆయన కుర్చీలోంచి లేస్తూ అన్నాడు, "బయటోళ్ళ పాస్‌వర్డు పక్కింటి పిల్లకి ఇచ్చిరా. వాళ్ళ పిల్లలకి క్లాసులుంటాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వెళ్ళి, ఆమె ముఖం చూడకుండా చెప్పేసి వచ్చాను. తర్వాతి ఆదివారం ఆమె చర్చికి రాలేదు. మేం చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పగిలిన అద్దంతో ఒక పాత ఫోన్ ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అంకుల్, అక్క పోయిన తారీకున ఏటేటా నేను పాట స్టేటస్‌లో పెట్టేదాన్ని కదా. అలమారా అంతా గాలించాను, ఇందులో దొరికింది" అంది. "స్టేటస్‌కి అర నిమిషమే పడతాది అంకుల్. అంతవరకే కట్ చేశాను. పూరా లేదు." ఆ మాట అని, గుమ్మం పట్టుకుని ఏడ్చేసింది.

నాన్న ఫోన్ తీసుకుని నొక్కాడు. చర్చిలో ఫ్యాను చప్పుడు వచ్చింది. ఆ చప్పుడులోంచి అక్క గొంతు లేచింది. మొదటి పాదం పాడింది, రెండో పాదం పాడింది. మూడోదానికి గుండెనిండా గాలి పీల్చింది, అక్కడితో ఆగిపోయింది. అమ్మ చర్చి చీరతోనే నేలమీద కూర్చుంది. నాన్న ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే ఉన్నాడు.

ఆయనకి తెలియలేదేమో అనుకుని దగ్గరికెళ్ళాను. "అయిపోయింది నాన్నా" అన్నాను.

ఆయన మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"ఉండవే," అన్నాడు. "ఊపిరి తీసుకుంటంది."