ఎమ్మెల్యేగారి పాప పుట్టువెంట్రుకలు

మొన్న మా మనవడికి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించారు. మోకాళ్ళ నొప్పులతో నేను ఇంట్లోనే ఉండిపోయాను గనుక, మా అమ్మాయి కొండ దిగి రాగానే గంధం పూసిన ఆ గుండును నా ఒళ్ళో పెట్టి, ఫోనులో ఫోటోలు చూపించింది. ఏ రోజు, ఏ వేళకు వెళ్ళాలో అన్నీ ఫోనులోనే కుదుర్చుకున్నారట. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేశారు. ఇంత సులువుగా తేలిపోయిన పనికి ఆ రోజుల్లో మాకు అయిదేళ్ళు పట్టిందంటే, నా ఈడువాళ్ళు తప్ప ఎవరూ నమ్మరు.

అప్పుడు మా ఆయన ఎమ్మెల్యే. అంతకుముందు హైస్కూల్లో లెక్కల మాస్టరు. రాజకీయాల్లోకి ఆయనంతట ఆయన దూకలేదు. మా తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ఇద్దరు పెద్దమనుషులు టికెట్టు కోసం కొట్టుకుని, తనకు రాకపోయినా ఫరవాలేదు గానీ ఎదుటివాడికి మాత్రం రాకూడదని పంతం పట్టి, చివరకు ఇద్దరి పిల్లలకూ పాఠాలు చెప్పిన మాస్టరు పేరు మీద రాజీపడ్డారు. ఆయన గెలిచిన నెలకే పాప పుట్టింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు పుట్టిన బిడ్డ. బిడ్డ కలిగితే తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి మెట్లదారిన నడిచి కొండెక్కి, ఇద్దరి మధ్యా కూర్చోబెట్టి తల నీలాలు ఇప్పిస్తామని మా అత్తగారు ఎప్పుడో మొక్కుకుని ఉన్నారు. మొదటి ఏడు కాకపోతే మూడో ఏడు, అదీ కాకపోతే అయిదో ఏడు. ఆ పైన వాయిదా వేస్తే స్వామి ఊరుకోడని ఆమె నమ్మకం.

కొండ కిందే కాపురం, ఇదేం పెద్ద పని అనుకున్నాను. తిరుపతిలో ఎమ్మెల్యే ఇల్లంటే ఏమిటో నాకప్పటికి తెలియదు. బదిలీలకూ, బోర్లకూ, హాస్టలు సీట్లకూ వచ్చే మా పల్లెలవాళ్ళు ఒక జట్టు. వాళ్ళకు సంగటీ, చెనిక్కాయల చట్నీ. దర్శనానికి దిగే హైదరాబాదు వాళ్ళు ఇంకో జట్టు. వాళ్ళకు ఇడ్లీలూ, ఫిల్టరు కాఫీ. సభలో ఆయన పక్కన కూర్చునే ఎవరికి మొక్కు గుర్తొచ్చినా, వెంటనే మా ఇల్లు కూడా గుర్తొచ్చేది. భార్యలు, అత్తలు, వియ్యంకులు, వియ్యంకుల స్నేహితులు. వాళ్ళందరినీ జీపులో ఎక్కించుకుని ఆయనే కొండకు తీసుకుపోయేవారు. ఎవరినీ కాదనడం ఆయనకు చేతకాదు. నాకేమో రుబ్బురోలు దగ్గరనుంచి లేచే పనే ఉండేది కాదు. నా మొహాన చిరునవ్వు లేదని ఒక వియ్యపురాలు పోతూ పోతూ అన్నదట. నిజమే, ఉండేది కాదు.

పాప మొదటి ఏడు అసెంబ్లీ సమావేశాల్లో కలిసిపోయింది. మూడో ఏట మంచి రోజు చూసి, పాపకు తలంటి, పట్టు పరికిణీ కట్టి, ముగ్గురం చెప్పులు లేకుండా గడప దాటాం. సరిగ్గా అప్పుడే ఒక మంత్రిగారి కుటుంబం రెండు కార్లలో వచ్చి వాకిట్లో దిగింది. ఒక్క గంటలో వచ్చేస్తానని ఆయన వాళ్ళతో కొండెక్కారు. వచ్చేసరికి దీపాలు పెట్టేశాం, పాప పట్టు పరికిణీతోనే నిద్రపోయింది. మా అత్తగారు కొడుకును ఒక్క మాట అనే మనిషి కాదు. ఆ పూట మాత్రం అన్నారు.

“ఊర్లోవాళ్ళనంతా కొండకు పిల్చకపోతా ఉండావు. నీ బిడ్డను ఎప్పుడు పిల్చకపోతావురా?”

ఆయన తల వంచుకుని అన్నం తిని లేచారు. మర్నాడు మళ్ళీ జీపు వచ్చింది.

ఆ పై ఏడాది చలికాలంలో మా అత్తగారు పోయారు. మనవరాలి గుండు చూడకుండానే పోయారు. ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరితోనూ బాహాటంగా అనలేదు గానీ, ఆ విషయంలో మా ఆయన మీద నా కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా కొండెక్కకూడదు కదా. ఆ ఏడాదంతా ఆయన కొండ కింద మెట్లు మొదలయ్యే అలిపిరి దాకా పోయి, వచ్చినవాళ్ళను వేరేవాళ్ళతో పైకి పంపించి తిరిగొచ్చేవారు. పాప జుట్టు నడుము దాకా పెరిగింది. జడ వేసినప్పుడల్లా, పాపకు ఏ చిన్న జ్వరం తగిలినా, వాయిదా వేస్తే స్వామి ఊరుకోడన్న మా అత్తగారి మాటే నాకు గుర్తొచ్చేది.

సంవత్సరీకాలు ముగిసేసరికి ఎన్నికలు నెత్తిమీదికి వచ్చాయి. పాపకు అయిదు నిండడానికి నెలన్నా లేదు. ఆ ఎన్నికల్లో కొత్త గాలి వీచింది, మహా మహా వాళ్ళే కొట్టుకుపోయారు, మాస్టరు ఒక లెక్కా! ఆయనేమీ చేయలేదని నేననను. నాలుగైదు పల్లెలకు బస్సు వేయించారు, బోర్లు తవ్వించారు, మా వైపు నేతగాళ్ళకు నూలు దొరకడం లేదని సభలో గట్టిగానే మాట్లాడారు. ఓడిపోయారు, అంతే.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ పెద్ద గుండిగెడు ఉప్మా చేశాను. తినడానికి ఒక్కరు రాలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చుని వీధి వైపు చూస్తున్నారు. పాలవాడు కూడా వెనక వాకిలి నుంచి పోసి పోయాడు. మనిషి ఏమైపోతారోనని నాకు భయం వేసింది. చాలాసేపటికి లేచి లోపలికొచ్చి, చొక్కా విప్పి కొయ్యకు తగిలించారు.

“పాపను లేపు. ఈ పొద్దు నడిచి కొండకు పోదాం.”

ముగ్గురం అలిపిరి మెట్లెక్కాం. నిటారుగా లేచే మోకాళ్ళ మెట్టు దగ్గర పాపను ఆయన భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. నేను ఆయన పక్కన అంతసేపు నడిచింది పెళ్ళయ్యాక అదే. కల్యాణకట్టలో ఏడుస్తున్న పిల్లలను చూసి పాప తన జడను రెండు చేతులా పట్టుకుంది.

“నాయన తీపిచ్చుకుంటేనే నేనూ తీపిచ్చుకుంటా.”

ఆయన ముందు తాను కూర్చుని తల వంచారు. ఆ తర్వాత పాపను మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. ఆ జడ తెగి పళ్ళెంలో పడినప్పుడు మా అత్తగారు లేరే అని ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయనా కళ్ళు తుడుచుకున్నారు.

దర్శనానికి మామూలు క్యూలో నిలబడ్డాం. ఆ గుండుతో ఆయన్ను ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. మా పల్లెల ముసలాయన ఒకడు గుర్తుపట్టి, తమ వీధి బోరు చెడిపోయిన సంగతి ఏకరువు పెట్టాడు. ఆయన పెన్ను కోసం జేబు తడుముకోబోయారు, పైన ఉత్తరీయం తప్ప చొక్కా లేదు. నేను ఓడిపోయాను కదయ్యా, కొత్తాయనకు చెప్పుకో అన్నారు.

“తెలుసులేప్పా. నీకు చెప్పుకొనేది అలవాటైపోయిండాది.”

ఆయన బోరు కథ చివరిదాకా విన్నారు.

తర్వాత రెండుసార్లు ఎన్నికల్లో నిలబడమని పార్టీవాళ్ళు వచ్చి అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ఇంటి వరండాలోనే పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతికి, బతికినట్టే నెమ్మదిగా పోయారు. ఇప్పుడు ఎమ్మెల్యేల ఇళ్ళకు ఎత్తయిన గేట్లు, గేటు ముందు తుపాకులవాళ్ళు. అలాంటి గేటు మాకూ ఉంటే మా అత్తగారు మనవరాలి గుండు చూసి పోయేవారేమో. కానీ గేటు వేసుకునే మనిషైతే ఆయన మా మాస్టరే కాదు.

మొన్న ఫోటోలు చూస్తూ, మీ నాయన ఎమ్మెల్యేగా ఉన్న రోజులు నీకేమైనా గుర్తున్నాయా అని మా అమ్మాయిని అడిగాను.

“ఎమ్మెల్యేగా ఉండింది నాకు గుర్తే లేదుమ్మా. నాయన గుండు మాత్రం గుర్తుండాది.”

అయిదేళ్ళూ ఊరివాళ్ళు పంచుకోగా పాపకు మిగిలింది ఆ ఒక్క పూట. అదైనా, ఆయన ఓడిపోయారు గనుక మిగిలింది.