చొక్కాలు మారిన ఆదివారం

ఇస్త్రీ అక్క గదిలో పొద్దున్నే లేచే ఆవిరికి ఒక వాసన ఉండేది. తడి గుడ్డ ఎండను తలుచుకుంటున్న వాసన. వీధి హాలుకు ఆనుకున్న ఆ చిన్న పక్కగదిలోకి ఆమె కొత్త కోడలిగా వచ్చింది. వచ్చిన వారానికే ఒకరి కాలరు కాల్చి, ఆ చొక్కాను ఇంకొకరింటికి పంపింది. ఆ రోజు అత్త తిట్టలేదు, రంగు దారాల పెట్టె తీసి ముందు పెట్టింది. ఇంటికో రంగు. కాలరు లోపల కనీకనపడకుండా ఒక్క కుట్టు. కరెంటు మీటర్లు చూసి రిటైరైన మీటరు మామయ్యది పచ్చ, ఎదురింటి బేకరీ ఆయనది నారింజ. అప్పటి నుంచి ఆ గదిలో బట్ట దారి తప్పింది లేదు.

ఆ వీధి వాళ్ళు ఒకరినొకరు నమ్మడం మానేసి చాలా కాలమైంది. మామయ్యా బేకరీ ఆయనా చెత్తడబ్బా ఎవరి గేటు ముందుండాలన్న దాని మీద మాటలు మానేశారు. పాపం, ఆ డబ్బా ఒక గేటు ముందు నిద్రపోయి ఇంకో గేటు ముందు లేచేది. కానీ ఊరెళ్ళాల్సి వస్తే ఇద్దరూ తాళంచెవులు అక్క చేతిలోనే పెట్టేవారు.

ఒక శుక్రవారం వార్డు ఆఫీసరు గుమ్మంలో నిలబడ్డాడు. ప్రతి నెలా హాల్లో ఖాళీ కుర్చీలకు నమస్కారం పెట్టి, తనతో తానే మీటింగు జరుపుకుని వెళ్ళే మనిషి.

"అక్కా, ఈ ఆదివారం కూడా జనం రాకపోతే హాలు వాడకంలో లేదని రాసేయక తప్పదు. మునిసిపాలిటీ వాళ్ళు ఇందులో పాత పైపులు పడేసుకుంటారట."

"మరి నా గది?"

"హాలుతో పాటే."

"అంటే పైపులకు ఇస్త్రీ చెయ్యనా?"

ఆయన నవ్వబోయి, నవ్వు రాక వెళ్ళిపోయాడు.

అక్క ఇంటింటికీ తిరిగింది. అందరూ "తప్పకుండా అక్కా" అన్నారు, 'మేం రాం' అనడానికి ఆ వీధిలో వాడే తియ్యటి గొంతుతో. మామయ్య మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. "బేకరీవాడొస్తాడుగా. వాడున్న చోటికి నేను రాను." బేకరీ ఆయనా అచ్చం అదే మాట, కాకపోతే కాల్చిన రొట్టె వాసనతో.

శనివారం సాయంత్రం ఆమె మూటలు కడుతుంటే అత్త కళ్ళజోడు ముక్కు మీదకు జార్చి చూసింది.

"ఏమే, మతి పోయిందా? పచ్చ దారం చొక్కా తీసుకెళ్ళి బేకరీ మూటలో పెడుతున్నావు!"

"తెలుసత్తా."

"తెలిసేనా?" అత్త మిగతా మూటలు కూడా తిప్పి చూసింది. కోడలి ఎత్తు అర్థం కాగానే ముఖం దీపంలా వెలిగింది. "అయితే జరుగు, నేనూ ఓ చెయ్యి వేస్తాను. ఆ పాటల టీచరుకు కుస్తీ అబ్బాయి బనీను పెట్టు."

"వద్దత్తా, మరీ బాగోదు."

"బాగోదనేగా పెట్టమంటున్నాను!"

ఆదివారం పొద్దున వీధంతా గగ్గోలు. పాటల టీచరు ఆ బనీనును రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన బల్లిని తెచ్చినట్టు తెచ్చింది. అడిగిన ప్రతివాళ్ళకూ అక్కది ఒకటే జవాబు. "అయ్యో, ఏది ఎవరింటికెళ్ళిందో! నాలుగింటికి హాలుకు రండి. మీకొచ్చింది పట్టుకొస్తే అక్కడే మార్చుకోవచ్చు."

మామయ్య అరవలేదు. నారింజ దారం ఉన్న చొక్కా చూపించి, "నువ్వు కూడానా అమ్మాయ్?" అన్నాడు. అంతే. ఆ మాట వేడి ఇస్త్రీ పెట్టె అంచులా చురుక్కుమంది. కుట్టు కుట్టుగా కూడబెట్టుకున్న నమ్మకాన్ని ఒక్క సాయంత్రం కోసం పందెం కాశానా అని మొదటిసారి ఆమెకు భయమేసింది.

నాలుగింటికి హాలు నిండింది. ఆఫీసరు కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. బట్టలు గాల్లోకి లేచి, చేతులు మారి, తమ ఇళ్ళను గుర్తుపడుతున్నాయి. అంతలో తలుపు దగ్గర మామయ్య గొంతు ఖంగుమంది.

"అది నా చొక్కా!"

ఎవరిదో తువ్వాలు మార్చుకోవడానికొచ్చిన బేకరీ ఆయన, ఆ చొక్కాను మాత్రం చూసుకోకుండా తొడిగేసుకున్నాడు. "అదా సంగతి! పొద్దుట్నుంచీ ఊపిరాడక చస్తున్నా."

"విప్పు."

"ఇందరి ముందా?"

హాలంతా గొల్లుమంది. మామయ్య పళ్ళు కొరికాడు. "అయితే కూర్చో. గట్టిగా గాలి పీల్చావో, గుండీలు ఊడతాయి చెబుతున్నా." చొక్కాకు కాపలాగా ఆయనా పక్కనే కూర్చున్నాడు. ఆఫీసరు ఆ అదను వదల్లేదు, మీటింగు మొదలుపెట్టేశాడు. చివరికి చెత్తడబ్బాకు హాలు వెనక గోడ దగ్గర స్థిరమైన చోటు దొరికింది. చెయ్యెత్తమన్నప్పుడు బేకరీ ఆయన సగమే ఎత్తాడు. పూర్తిగా ఎత్తితే చంక పిగులుతుందని మామయ్య కళ్ళెర్రజేశాడు.

వెళ్తూ వెళ్తూ ఆఫీసరు అందరికీ వినపడేలా అన్నాడు. "ఒక్కసారి వస్తే సరిపోదక్కా. వచ్చే నెలా వస్తేనే హాలూ, ఇస్త్రీ గదీ ఉంటాయి."

ఆ నెలంతా అత్త ఉత్సాహానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. "ఈసారి దుప్పట్లు మార్చేద్దామే!"

"లేదత్తా. మామయ్య అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. ఈసారి ఏ బట్ట ఆ ఇంటికే."

"గది పోతే?"

అక్క దారాల పెట్టె దగ్గరకు లాక్కుంది. ఒక్కో కాలరూ తిప్పి, ఒక్కో దారమూ చూసి, అన్నీ సరిగ్గా పంపింది.

మీటింగు ఆదివారం నాలుగు దాటింది. హాల్లో కుర్చీల మీద ఎండ ఒక్కటే కూర్చుంది. ఆఫీసరు కలం మూత తీశాడు. అక్క గుమ్మం వైపు చూడటం మానేసి, ఇస్త్రీ పెట్టె తీగను మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది.

"ఏం అమ్మాయ్, మళ్ళీ మార్చేశావ్!"

మామయ్య. చేతిలో మడత విప్పని చొక్కా. "ఇది నాది కాదు."

ఆమె కాలరు తిప్పింది. పచ్చ దారం. తన చేతి కుట్టే. తలెత్తి చూస్తే మామయ్య ఫ్యాను రెక్కలను ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

"అవును మామయ్యా, పొరపాటైంది," అంది ఆమె, పెదవి బిగపట్టి. "కూర్చోండి, వెతుకుతాను."

"నిదానంగా వెతుకు, తొందరేం లేదు." ఆయన ఒక కుర్చీలో కూర్చుని, పక్క కుర్చీ మీద చేతిరుమాలు వేశాడు, ఎవరికో చోటు పట్టినట్టు.

వెనకే బేకరీ ఆయన తువ్వాలుతో. ఆ వెనక పాటల టీచరు. ఆ వెనక గుమ్మంలో వెలుతురు పట్టనంతమంది, ఎవరి మూట వాళ్ళే మోసుకుని, ఇది మాది కాదంటూ.

ఆఫీసరు ఆశ్చర్యంగా అడిగాడు. "ఏంటక్కా, ఈసారీ అన్నీ మారిపోయాయా?"

"అన్నీనండీ," అంది అక్క. "ఒక్కటీ మిగల్లేదు."